ఎడమచేతి గాలం

చెయ్యి చన్నీళ్ళలో పెట్టొద్దు, బరువులు ఎత్తొద్దు, గీసుకోనివ్వొద్దు, తోటపని వద్దు, కత్తులూ గాలాలూ అసలే వద్దు. ఆసుపత్రిలో ఫిజియో పిల్ల ఒక్కొక్క మాటా తియ్యతియ్యగా చెబుతుంటే అమృతానికి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి? అవే మాటలు, అదే తియ్యదనంతో, ఇన్నేళ్ళ నర్సు ఉద్యోగంలో తను ఎంతమందికి చెప్పిందో లెక్కే లేదు. మంచం పక్కన నిలబడి దుప్పటి సర్దుతూ చెప్పేది. అదే మంచం మీద కూర్చుని వినాల్సి వస్తే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసొచ్చింది. మనిషిని జాడీలో పెట్టి, మూత బిగించి, పైన గుడ్డ కట్టేసినట్టు ఉంటుంది.

కుడి రొమ్ములో గడ్డ తేలింది. రొమ్ము తీసేశారు, చంకలో గ్రంథులు కూడా తీసేశారు. దాంతో కుడిచెయ్యి నీరు పట్టి, జాకెట్టు ఎక్కనంత లావైంది. దానికి మణికట్టు నుంచి భుజం దాకా బిగుతు తొడుగొకటి. ప్రాణం దక్కింది, అది చాలదా అన్నారు అందరూ. చాలదు అనుకుంది అమృతం. మనసులో అనుకుని ఊరుకునే రకం కాదు గదా, పైకి కూడా అంది.

ఆవిడ పుట్టింది ఒంగోలు దగ్గర, గుండ్లకమ్మ ఒడ్డున. ముత్తాతల కాలంలో ఆ ఏట్లోనే మునిగి బాప్తిస్మం పుచ్చుకున్న కుటుంబం. ఆదివారం గుడికి, మిగిలిన రోజులు ఏటికి. నాయనమ్మ కొంగు పట్టుకుని పోయి, తాటాకు నీడలో కూర్చుని, ఎర్రలు, అదే వానపాముల్ని, గుచ్చి గాలం వెయ్యడం బడికి పోకముందే నేర్చుకుంది. ఆడపిల్లకి గాలమేంటమ్మా అని ఊళ్ళో బుగ్గలు నొక్కుకునేవాళ్ళు. గాలం వేసింది ఆడో మొగో చేపకి తెలుసా ఏంది అని నాయనమ్మ ఒక్క మాటతో కొట్టిపారేసేది. తర్వాత మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువు, కార్ల ఫ్యాక్టరీ ఫిట్టరు బెన్‌హర్‌తో పెళ్ళి, మెల్బోర్న్ రావడం, ఊరి చివర క్రాన్‌బర్న్‌లో ఇల్లు, ఒక్కతే కూతురు ప్రిస్సిల్లా. ఇదంతా జరిగేటప్పుడు గాలం ఊసే లేదు. కూతురు కాస్త పెద్దదయ్యాక ఒకసారి ఎవరో చెబితే కొండల్లోకి క్యాంపింగ్‌కి పోయారు. అక్కడ హౌక్వా అనే ఏరు. ఒడ్డున నిలబడి ఆ నీళ్ళ చప్పుడు విన్నదో లేదో, ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి.

అప్పట్నుంచీ ప్రతి ఏడూ ఏప్రిల్లో హౌక్వా. ఇక్కడ ఏప్రిల్ అంటే ఆకురాలు కాలం, పొద్దున లేస్తే గడ్డి మీద మంచు గరగరలాడుతుంది. ఏరు పోయి కలిసే పెద్ద రిజర్వాయరులో ఏడాదంతా తిని బలిసిన ట్రౌట్ చేపలు ఆ రోజుల్లో గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుకుంటూ పైకొస్తాయి. గోదావరి వాళ్ళు పులస పులస అని తెగ మురిసిపోతారే, అదిగో, ఆ జాతి పౌరుషమే దీనిదీను. రాళ్ళల్లో, సుడుల్లో, ఒళ్ళు చీరుకుపోతున్నా వెనక్కి తిరగదు. అమృతానికి అందుకే దానంటే అంత ఇష్టం.

ఇహ బెన్‌హర్ సంగతి. ఆయనకి నీళ్ళంటే భయం. మోకాలు మునిగితే చాలు, ముఖం పాలిపోతుంది. ఏటి ఒడ్డున మంట వెయ్యడం, టీ కాయడం, చేప కడిగి ఇస్తే ఉప్పూ కారం చింతపండూ పట్టించి పులుసు పెట్టడం ఆయన వంతు. గాలపు కర్ర చేత్తో పట్టుకున్న పాపాన పోలేదు. ఫ్యాక్టరీలో వాళ్ళు, మీ ఇంట్లో మొగుడెవరు మేట్ అని ఆటపట్టిస్తే, పులుసు తిని చెప్పండి అని నవ్వేసేవాడు. అలాంటి మంచి మనిషే ఆ పని చేశాడు.

ఏం చేశాడంటారా? అమృతం ఆసుపత్రి నుంచి వచ్చిన కొన్నాళ్ళకి, కాస్త తిరగగలిగాక, గరాజ్‌లోకి వెళ్ళింది. గోడకి మేకులున్నాయి, వాటికి వేలాడాల్సిన గాలపు కర్రలు లేవు. బెన్‌హర్‌ని పిలిచి అడిగితే నసిగాడు. చర్చి హాల్లో పాత సామాన్ల అమ్మకం పెడితే ఇచ్చేశాడట. ఇంక నువ్వెక్కడ పడతావులే, చూస్తే బాధపడతావని ఇచ్చేశా అన్నాడు. ఆయన కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి, అది అబద్ధం కాదు. ఆపరేషన్ రోజున ఆ మనిషి ఆసుపత్రి కారిడార్లో చిన్నపిల్లాడిలా ఏడ్చాడని ప్రిస్సిల్లా చెప్పింది కూడా. అయితే మాత్రం? పోయినవాళ్ళ బట్టలు పంచిపెడతారు చూడండి, అలా తన సామాను, తను కళ్ళెదుట నడుస్తుండగానే, పంచేశారు. అమృతం అరవలేదు. గరాజ్‌లోనే తిరగేసిన బకెట్టు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీదుకుని, లోపలికొచ్చి మొగుడి ముందు నిలబడింది.

"ఈ ఏడు కూడా హౌక్వా పోతాను. నా చేత్తో నేనే చేప పడతాను. పట్టలేకపోతే మీరు కూర్చోమన్న కుర్చీలో కూర్చుంటా, ఉద్యోగం కూడా మానేస్తా. పడితే మాత్రం ఇహ ఈ జన్మలో నా చేతుల గురించి ఎవ్వరూ మాట్లాడటానికి వీల్లేదు."

బెన్‌హర్ దేవుడా అని నెత్తి పట్టుకున్నాడు. కోపంలో అన్నదిలే, రెండ్రోజుల్లో మర్చిపోతుంది అనుకున్నాడు. అంతకాలం కాపురం చేసి కూడా అలా అనుకున్నాడంటే ఏం చెప్పాలి?

ఆ శనివారమే ఆవిడ డాండెనాంగ్ మార్కెట్‌కి పోయి, పాత సామాన్ల దుకాణంలో ఓ పొట్టి గాలపు కర్ర తెచ్చుకుంది. రీలు పిడి ఊడదీసి ఇవతలి వైపు నుంచి అవతలి వైపుకి మార్చుకుంది. ఇన్నేళ్ళూ కుడిచేత్తో విసిరి ఎడమచేత్తో చుట్టేది. ఇప్పుడు కర్ర పట్టి విసిరేది ఎడమచెయ్యి, వాచిన కుడిచెయ్యి ఒంటికి ఆనించుకుని రీలు తిప్పడం మటుకే. చెప్పుకోవడానికి తేలికే. పెరట్లో గాలం బదులు దారానికి ఇనప వాషరు కట్టి విసరడం మొదలుపెడితే తెలిసింది. ముందుకు పొమ్మంటే పక్కకి పోయేది. బట్టలారేసే గొడుగులాంటి స్టాండు కమ్మీలకి చుట్టుకునేది. పక్కింటి నిమ్మచెట్టులో పడేది. ప్రిస్సిల్లా కిచెన్ కిటికీలోంచి చూసి, ఓ మై గాడ్ మమ్మీ, యూ ఆర్ డేంజరస్ అని పగలబడి నవ్వింది. నవ్వినా, కంచె ఎక్కి నిమ్మచెట్టులోంచి దారం విడిపించి ఇచ్చిందీ తనే. వారాలు గడిచాయి. బొబ్బలెక్కి మానిన ఎడమ అరచెయ్యి కాయ కాసింది. చివరికి బకెట్టులో వెయ్యమంటే బకెట్టులోనే పడటం మొదలైంది వాషరు.

సరిగ్గా అప్పుడు దిగారు ఎబెన్ మాస్టారు. కావలిలో హెడ్మాస్టరుగా చేసి, కొడుకు దగ్గరికి వచ్చి ఇక్కడే స్థిరపడిన పెద్దాయన. మెల్బోర్న్‌లో తెలుగు క్రైస్తవులు గట్టిగా పది కుటుంబాలుండవు, వాళ్ళందరికీ ఆయనే పెద్ద. పెళ్ళి మాట్లాడాలన్నా, మొగుడూపెళ్ళాలకి రాజీ కుదర్చాలన్నా తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని బయల్దేరతాడు. మనసులో కల్మషం లేదు, కాకపోతే ఎదుటివాళ్ళ నోట్లో మాట కూడా తనే పెట్టేస్తాడు. కాఫీ తాగుతూ శుభవార్త చెప్పాడు. వచ్చే లాంగ్ వీకెండ్ ఆదివారం అమృతమ్మ ఇంట్లో కృతజ్ఞత కూడిక. అందరికీ చెప్పేశారు, కోడికూర ఎవరు, పలావు ఎవరు అన్నది కూడా పంచేసుకున్నారు. అమృతమ్మ లేచి నిలబడి, ప్రభువు నన్ను సంపూర్ణంగా స్వస్థపరిచాడు అని సాక్ష్యం చెబుతుంది. జబ్బు చేసి లేచినవాళ్ళు అలా చెప్పడం మనలో ఉన్నదే గదా, కొత్తేముంది అన్నాడు.

ఆ లాంగ్ వీకెండే హౌక్వా. ఆ సంగతి బెన్‌హర్‌కి బాగా తెలుసు. తెలిసి, కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. అమృతానికి మొత్తం అర్థమైపోయింది.

"ఎవర్నడిగి పెట్టారండీ?" అంది.

"దేవుడికి కృతజ్ఞత చెప్పడానికి ఒకర్ని అడగాలా అమ్మా?"

"చెప్పాల్సింది నేనైతే నన్నే అడగాలి మాస్టారూ."

ఆయన కప్పు కింద పెట్టి, మందుల వల్ల కాస్త చిరాకుగా ఉందేమో అన్నట్టు బెన్‌హర్ వైపు చూశాడు. ఆ చూపు ఉంది చూశారూ, ఆపరేషన్ నొప్పికన్నా అదే ఎక్కువ బాధపెట్టింది ఆవిడని. ఈ మధ్య అందరిదీ అదే చూపు. కూర గిన్నెలు తెచ్చేవాళ్ళూ, తల నిమిరేవాళ్ళూ, ఎంత చలాకీ మనిషండీ అని ఆవిడ ముందే అనేవాళ్ళూను. చలాకీ మనిషి ఇక్కడే ఉంది, చచ్చిపోలేదు అని అరవాలనిపించేది.

శుక్రవారం అమృతం ఆసుపత్రి డ్యూటీ దిగి రాగానే బండి సర్దుకుంది. స్టేషన్ వాగన్, వెనక సీట్లు మడిస్తే పరుపు పడుతుంది. ఒంటిచేత్తో టెంటు వెయ్యలేనని తెలుసు, అందుకని అందులోనే పడుకుంటుంది. దొంగతనంగా పోయే మనిషి కాదు, హాల్లో నిలబడి వెళ్ళొస్తానని చెప్పింది. బెన్‌హర్ లేచి కారు తాళాలు తీసుకుని లోపలికి పోయాడు. ఆవిడ వంటింట్లోకి పోయి, బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టి, తాళాలు తీసుకుంది. ఆయన ఏది దాచినా అక్కడే దాస్తాడు, పాస్‌పోర్టులతో సహా. పాపం, ఇంకో చోటు ఆలోచించడం కూడా రాలేదు ఆయనకి.

చీకటి పడేలోపే ఏటి ఒడ్డుకి చేరింది. పొడవాటి గమ్ చెట్లు, అదే మన నీలగిరి చెట్ల జాతి, మధ్యలో గడ్డి మైదానం, దాన్ని ఆనుకుని ఏరు. అవతలి ఒడ్డున ఎవరో మూడు టెంట్లు వేసుకుని బార్బెక్యూ పొయ్యి వెలిగించుకున్నారు. రేడియోలో ఫుటీ, అదే వాళ్ళ ఫుట్‌బాల్, కామెంట్రీ వస్తోంది. కారు దిగి నీళ్ళ దగ్గరికి పోయి నిలబడితే ఆర్నెల్ల తర్వాత మొదటిసారి ఊపిరి అడుగంటా వెళ్ళినట్టయింది.

కానీ శనివారం అంతా ఒట్టిదే. చేపలు రాలేదని కాదు, వచ్చాయి. సుడిగుండం పక్కన ఒకటి ఎగిరిపడటం కళ్ళారా చూసింది. ఎర్ర గుచ్చడానికే ఆవిడకి ప్రాణం పోయినంత పనైంది. పురుగుని మోకాళ్ళ మధ్య పలక మీద పెట్టుకుని ఎడమచేత్తో గుచ్చాలి, కుడిచేతికి గాలం తగలకూడదు. ఆ చెయ్యి ఎందుకు తెగకూడదో ఆవిడకన్నా ఎవరికి తెలుసు? చిన్న గాటు చాలు, జ్వరం, ఇన్ఫెక్షన్, మళ్ళీ ఆసుపత్రి. అందుకే తొడుగు మీద తోలు గ్లవ్ వేసుకుంది. మొండిదే గానీ మూర్ఖురాలు కాదు అమృతం. తొడల దాకా రబ్బరు బూట్లేసుకుని నీళ్ళలో దిగి, పొద్దు వాలేదాకా విసిరింది. పెరట్లో బకెట్టు కదలదు, ఏట్లో నీళ్ళు ఆగవు. అదీ తేడా.

ఆదివారం పొద్దున ఒకటి పట్టింది. కర్ర వంగింది, దారం బిగిసింది. రెండుసార్లు రీలు తిప్పిందో లేదో, దారం ఊరికే వదులైపోయింది. లాగి చూస్తే గాలం లేదు. తెగలేదు, ముడి జారింది. ఎడమచేత్తో, పళ్ళతో వేసిన ముడి. అదీ దెబ్బ. ఒడ్డున రాయి మీద కూలబడి, గుండ్లకమ్మ భాషలో ఉన్న తిట్లన్నీ తిట్టింది. ఏరునీ, ముడినీ, మొగుణ్ణీ, తన చేతినీ. తర్వాత భయమేసింది. వాళ్ళు చెప్పిందే నిజమేమో. కుర్చీలో కూర్చోవాల్సిన మనిషే, ఏటి ఒడ్డున నాటకం ఆడుతోందేమో. ఇది ఎవరి ముందూ ఒప్పుకోదు గానీ, ఆ పొద్దున ఆ రాయి మీద ఆవిడ నిజంగా భయపడింది. ఇంటికి పోదామా అనుకుంది కూడా. తర్వాత ఒక బ్రెడ్డుముక్క తిని, గాలం కట్టడం మళ్ళీ మొదలుపెట్టింది. ముడి వేసింది, లాగింది, జారింది. మళ్ళీ వేసింది. దారం పెదవుల్ని కోసేసి నోరంతా ఉప్పగా అయ్యేదాకా వేస్తూనే ఉంది. చివరికి ఒక ముడి చెట్టు కొమ్మకి తగిలించి ఒళ్ళంతా వేసి లాగినా జారలేదు.

ఈలోగా క్రాన్‌బర్న్‌లో ఏం జరిగిందో తర్వాత ప్రిస్సిల్లా చెప్పింది. బెన్‌హర్ శనివారమంతా అన్నం ముట్టలేదట. పోలీసులకి చెబుదామా అన్నాడట. ఎబెన్ మాస్టారికి ఫోన్ చేస్తే, ఆయన, కూడిక ఇంట్లోనే జరగాలని దేవుని వాక్యంలో ఎక్కడుంది, ఆవిడ ఎక్కడుంటే అక్కడే జరుపుదాం అన్నాడట. ఇహ చూడండి. ఆదివారం తెల్లారేసరికి నాలుగు కార్లు, పెద్ద డేక్సాల్లో పలావూ కోడికూరా, పెరుగుచట్నీ బకెట్టు, చాపలు, డోలక్, కంజిర. పట్టుచీరలు కట్టుకుని, పైన స్వెట్టర్లేసుకుని, ఇస్త్రీ చొక్కాల్లో, కొండలెక్కి ఏటికి బయల్దేరారు. మనవాళ్ళు తప్ప ఇంకెవరైనా చేస్తారా ఈ పని?

వాళ్ళు ఒడ్డున కార్లు ఆపి దిగేసరికి అమృతం నీళ్ళలో ఉంది, తొడల దాకా. పెద్ద బండరాయి వెనక నీళ్ళు నల్లగా, నెమ్మదిగా తిరిగే చోటుకి గాలం విసిరి, దారాన్ని వేలితో తాకుతూ నిలబడింది. వెనక ఏదో గోల వినిపించింది. తల తిప్పలేదు, ఎందుకంటే ఆ క్షణంలోనే దారం రెండుసార్లు చిన్నగా తట్టి, మూడోసారి ఒక్క ఊపున లాగింది. కర్ర సగానికి వంగిపోయింది.

ఒడ్డున వాళ్ళకి కనిపించింది వేరు. ఒంటి రొమ్ము మనిషి, జబ్బు మనిషి, మంచులాంటి ఏట్లో నడుం దగ్గర దాకా దిగి ముందుకు తూలుతోంది. మునిగిపోతోంది అనుకున్నారు. ఆడవాళ్ళు ప్రభువా ప్రభువా అని మొదలుపెట్టారు, ఎవరో ఏం చెయ్యాలో తోచక కీర్తన ఎత్తుకున్నారు, మిగతావాళ్ళు అందుకున్నారు. ఎబెన్ మాస్టారు నల్ల బూట్లతో, తెల్లచొక్కాతో, చేతులు చాచి నీళ్ళలోకి దిగిపోయాడు. ఆయన వెనకే బెన్‌హర్. మోకాలు మునిగితే ముఖం పాలిపోయే మనిషి, నడుము దాకా దిగాడు.

అవతలి ఒడ్డున క్యాంపు వాళ్ళు ఇదంతా చూశారు. ఒడ్డున పాటలు, నీళ్ళ మధ్యలో తెల్లబట్టల పెద్దాయన, ఆయన చేతులు చాచి నడుస్తుంటే నీళ్ళలో ఎదురుచూస్తున్న ఒక ఆడమనిషి. బాప్తిస్మం అనుకున్నారు పాపం. రేడియో కట్టేశారు. మగవాళ్ళు లేచి నిలబడి, బీరు సీసాలు కింద పెట్టి, టోపీలు తీసేశారు.

అమృతానికి ఇవేవీ పట్టలేదు. చేప పల్లానికి పరుగెడుతోంది, రీలు గిర్రుమని దారం వదులుతోంది. కర్ర పైకెత్తి పట్టుకోవాలి, దించితే పోతుంది. చేప ఆగి ఇటు తిరిగితే అప్పుడు చుట్టాలి, అంతవరకూ లాగితే తెగుతుంది. అంతలో కుడివైపు నుంచి ఎవరో వచ్చి భుజం పట్టుకున్నారు. రామ్మా, బయటికి రామ్మా, అంతా మేం చూసుకుంటాం అంటున్నాడు ఎబెన్ మాస్టారు. రెండోవైపు నుంచి బెన్‌హర్ చెయ్యి ముందుకొచ్చింది, గాలపు కర్ర మీదకి. నాకివ్వు, నేను లాగుతా, నీ చెయ్యి పాడవుతుంది అంటున్నాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి ఆయనకి.

ఆవిడ మొగుడి ముఖంలోకి చూసింది. ప్రేమ ఉంది ఆ ముఖంలో, కాదనలేదు. కానీ ఆ కర్ర ఆ చేతిలోకి పోయిందా, చేప వచ్చినా రాకపోయినా ఒకటే. ఇవాళ కర్ర, రేపు కారు, ఎల్లుండి ఉద్యోగం, ఆ తర్వాత అన్నం కూడా కలిపి నోట్లో పెడతారు.

"కర్ర ముట్టుకోవద్దు," అంది. అరవలేదు, కానీ ఒడ్డున పాడేవాళ్ళకి కూడా వినపడింది. "సాయం చెయ్యాలనుంటే వెనక నుంచి నడుం పట్టుకోండి. చెయ్యి నాది."

బెన్‌హర్ చెయ్యి గాల్లో ఆగిపోయింది. చలికో భయానికో ఆయన కళ్ళు ధారలు కడుతున్నాయి. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుని, పెళ్ళాం వెనక్కి పోయి, రెండు చేతులతో బెల్టు గట్టిగా పట్టుకుని, కాళ్ళు రాళ్ళల్లోకి తన్నిపెట్టాడు. ఎబెన్ మాస్టారు ఇంకా భుజం వదల్లేదు.

"వదిలెయ్యండి మాస్టారూ," అన్నాడు బెన్‌హర్. "ఆవిడ చేప ఆవిడ పట్టుకుంటుంది."

పరిచయమైనప్పట్నుంచీ ఆ పెద్దాయన మాటకి ఆయన ఎదురు చెప్పడం అదే మొదలు. మాస్టారు ఏమనుకున్నాడో ఏమో, భుజం వదిలేసి, ఆ నీళ్ళలోనే పక్కకి జరిగి నిలబడ్డాడు.

అప్పుడు మొదలైంది అసలు పోరు. చేప రాయి చుట్టూ తిరగబోతే ఆవిడ కర్ర పక్కకి వాల్చి మళ్ళించింది. పల్లానికి పోతే పోనిచ్చింది, అలిసి ఎగువకి తిరిగితే చుట్టింది. కుడిచెయ్యి చంక దగ్గర్నుంచి మంటలు లేచాయి. చిన్నగా, ఒంటికి ఆనించుకుని, ఒక్కో చుట్టూ, ఒక్కో చుట్టూ. బెన్‌హర్ వెనక నుంచి ఒక్క సలహా కూడా ఇవ్వలేదు, అదే ఆవిడకి పెద్ద సాయం. ఒడ్డున పాట ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలీదు. చివరికి బంగారు రంగు పొట్ట నీళ్ళ మీద తళుక్కుమంది. అమృతం వెనక్కి అడుగులేస్తూ, మొగుణ్ణి కూడా వెనక్కి నెడుతూ, దాన్ని గులకరాళ్ళ మీది లోతు తక్కువ నీళ్ళలోకి లాక్కొచ్చి, కర్ర చంకలో ఇరికించుకుని, నడుముకి కట్టుకున్న చేతివలని ఎడమచేత్తో దాని కిందకి తోసి పైకెత్తింది. ఆడ ట్రౌట్, మోచేతి పొడవుంది, పొట్ట జనతో, అంటే గుడ్లతో, నిండుగా ఉంది.

అవతలి ఒడ్డున చప్పట్లు కొట్టారు. బాప్తిస్మంలో చేప కూడా పట్టే మతం వాళ్ళెప్పుడూ చూసి ఉండరు. ప్రిస్సిల్లా నోటి చుట్టూ చేతులు పెట్టుకుని, షీ ఈజ్ జస్ట్ ఫిషింగ్ అని అరిచి చెప్పేసరికి ఇంకా గట్టిగా కొట్టారు.

ఆవిడే కోసింది, ఆవిడే కడిగింది. కుడిచేతికి గ్లవ్ ఉంచుకుని, చేపని పలక మీద కాలితో నొక్కిపెట్టి, ఎడమచేత్తో కత్తి ఆడించింది. నేను చేస్తానంటే నేను చేస్తానని ఆడవాళ్ళు చుట్టూ మూగారు గానీ, ఒక్కరూ కత్తి అడగలేదు. బెన్‌హర్ తడి ప్యాంటు మీదే దుప్పటి కట్టుకుని పులుసు పెట్టాడు. జన విడిగా వేపుడు చేశాడు. అంతమందికీ తలా ఒక ముక్కయినా వచ్చిందో లేదో, పలావుతో పాటు అందరి వేళ్ళూ ఆ గిన్నె వైపే పోయాయి.

తర్వాత చాపలు పరిచారు. ఎబెన్ మాస్టారు మనవడి ట్రాక్ ప్యాంటు వేసుకుని కూర్చున్నాడు, ఆ వేషంలో ఆయన్ని ఎవరూ అంతకుముందు చూడలేదు. ప్రార్థన చేశాడు. అయ్యాక, అమృతమ్మా, సాక్ష్యం అన్నాడు. ఈసారి కాస్త అడుగుతున్నట్టే అన్నాడు.

అమృతం లేచి నిలబడింది. జుట్టు ముఖాన అతుక్కుపోయి ఉంది, పెదవి చిట్లి ఉంది, కుడిచెయ్యి బాగా వాచిపోయి ఉంది. అందరూ సంపూర్ణ స్వస్థత కోసం చూస్తున్నారు.

"బాగయ్యానో లేదో నాకు తెలీదు," అంది. "డాక్టరుకీ తెలీదు. మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు. రొమ్ము పోయింది, అది తిరిగి రాదు. ఈ చెయ్యి ఇంతే ఉంటుంది. దేవుడు నన్ను ఎంత మిగిల్చాడో అంత మనిషినీ ఇక్కడ నిలబడి ఉన్నాను. దానికి ఆయనకి స్తోత్రం. నాకోసం మీరు ప్రార్థన చెయ్యండి, చేస్తూనే ఉండండి, నాకు కావాలి. కానీ నేను పోయేదాకా నన్ను సాగనంపకండి. అంతే నా సాక్ష్యం."

కంజిర పట్టుకున్న పిల్ల దాన్ని ఒళ్ళో పెట్టేసుకుంది. ఇది సాక్ష్యమా, తిట్టా అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు మంట దగ్గర్నుంచి బెన్‌హర్ ఆమేన్ అన్నాడు. అందరికీ వినపడింది. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఆయనా ఆమేన్ అన్నాడు. ఇక మిగతావాళ్ళంతా అన్నారు.

అమృతం మళ్ళీ కూర్చోలేదు. ఎండ ఇంకా కొండ మీద ఉంది. చేతి తొడుగు సర్దుకుని, గ్లవ్ ఎక్కించుకుని, గాలపు కర్ర తీసుకుని ఏటి వైపు నడిచింది. జాగ్రత్త అని కూడా ఎవరూ అనలేదు.